మరకా, మచ్చా? మ్యాక్‌బెత్‌ని తెలుగులో ఆడాలంటే

నిన్న ఒక డిగ్రీ విద్యార్థిని ఇక్కడ అడిగిన ప్రశ్నకి కామెంట్‌లో జవాబు రాయబోతే పెద్దదైపోయింది, అందుకే విడిగా పెడుతున్నాను. కాలేజీలో షేక్‌స్పియర్ నాటకం మ్యాక్‌బెత్ నుంచి రెండు మూడు ఘట్టాలు తెలుగులో వేస్తున్నారట. యాంబిషన్‌కి ‘ఆశయం’, గిల్ట్‌కి ‘అపరాధ భావన’ అని రాసుకున్నారు కానీ నోటికి ఎక్కట్లేదని ఆ అమ్మాయి టెన్షన్. ఎక్కకపోవడమే మంచిదైంది తల్లీ.

ఆశయం అనగానే మనకి మంచే తోస్తుంది. ఇంటికి చుట్టంగా వచ్చిన ముసలి రాజుని నిద్రలో పొడిచిన మ్యాక్‌బెత్‌ది ఆశయం ఎలా అవుతుంది? పోనీ దురాశ అందామా అంటే, ఆ మాటతోనే తీర్పు చెప్పేసినట్టు. దురాశ దుఃఖానికి చేటని చిన్నప్పటినుంచీ విన్నవాళ్లం, ఇక నాటకంలో చూడ్డానికి ఏం మిగులుతుంది?

మొదటి అంకంలో మొగుడి ఉత్తరం చదువుకుని లేడీ మ్యాక్‌బెత్ అనే మాట చూడండి: ఆయనకి యాంబిషన్ లేకపోలేదు, దానికి తోడు ఉండాల్సిన చెడ్డతనం లేదు. అందులో ఏవగింపు లేదు. వీడు ముందుకు దూకడేమో అన్న బెంగ ఉంది. అక్కడ వట్టి ‘ఆశ’ చాలు. “నీకు ఆశ లేక కాదు” అంటే ఏ ఇంట్లోనైనా ఆడమనిషి తన మొగుణ్ని తలుచుకుని అన్నట్టే ఉంటుంది.

అదే అంకం చివర్లో, హత్యకి ముందు, అదే మాట అతని నోటి నుంచి వస్తుంది. తన పూనికని పొడిచి కదిలించే ముల్లు వేరే ఏదీ లేదు, ఎగిరి దూకే ఆ కోరిక ఒక్కటే ఉంది, అదీ జీను మీదికి దూకబోయి దాటిపోయి అవతల పడుతుంది అంటాడు. ఇక్కడ నేనైతే ‘పేరాశ’ అంటాను. ఇందులో పేరు అంటే పెద్ద అని, పేరురము (పెద్ద రొమ్ము) అన్నప్పుడు ఉన్న పేరు. హద్దు దాటిన కొలత ఆ మాటలోనే ఉంది. నామధేయం అనే అర్థం దీనికి మూలం కాకపోయినా వినేవాడి చెవికి అదీ తగులుతుంది. మంత్రగత్తెలు అతన్ని మూడు పేర్లతో, కాబోయే రాజని కూడా, పిలిచిన దగ్గరే కదా కథ మొదలైంది. గుర్రాన్ని పొడవడానికి మడమకి కట్టుకునే ముల్లు మన ప్రేక్షకులకి కొత్త. ములుగర్ర అనండి. ఎద్దు డొక్కలో పొడిచే ములుగర్ర చూసినవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది.

ఇక గిల్ట్. లేడీ మ్యాక్‌బెత్ ఈ మాటని రెండుచోట్ల వాడుతుంది, రెండుసార్లూ రాజుగారి కావలివాళ్ల గురించే. నేరం వాళ్లు మోస్తారని ఒకసారి, వాళ్ల మొహాలకి నెత్తురు పూస్తాను, నేరం వాళ్లదిగా కనపడాలని ఇంకోసారి. రెండోచోట ఇంగ్లీషులో బంగారుపూతకీ నేరానికీ (గిల్డ్, గిల్ట్) శబ్దం కలిసే శ్లేష ఉంది. దాన్ని దింపలేం కానీ మనకి ‘పులమడం’ ఉంది. నెత్తురూ పులుముతాం, నిందా పులుముతాం. “ఆ మొహాలకి నేనే పులుముతాను” అంటే రెండూ వినపడతాయి.

కానీ ఐదో అంకంలో, నిద్రలో నడిచే ఘట్టంలో, ఆ మాట ఆమె నోట రానే రాదు. చేతులు రుద్దుకుంటూ ఉంటుంది. పావుగంట పాటు అలాగే రుద్దుకోవడం చూశానని పరిచారిక వైద్యుడితో చెప్తుంది. అక్కడ నీళ్లు లేవు. హత్య జరిగిన రాత్రి “కాసిని నీళ్లు పోస్తే పోతుంది” అన్న మనిషే ఆమె. ఆ మాటకి ‘చెంబెడు నీళ్లు’ అనండి, దయచేసి. దానికి కాస్త ముందే మ్యాక్‌బెత్ సముద్రమంతా కడిగినా ఈ చెయ్యి తెల్లబడదు, సముద్రమే ఎర్రబడుతుంది అన్నాడు. చెంబూ సముద్రమూ పక్కపక్కన పడితే ఇద్దరి తేడా ఇట్టే తెలుస్తుంది.

ఆమె పొమ్మని గద్దించేది మరకనా, మచ్చనా? ఆ ప్రశ్న కింద ఒకరు మచ్చే బాగుందన్నారు. నేను ఒప్పుకోలేను. చిన్నప్పుడు నా తెల్లచొక్కాకి అరటి కర అంటుకుంటే మా అమ్మ నూతిదగ్గర కూచుని నిమ్మచెక్కతో, సబ్బుతో రుద్దీ రుద్దీ “మరకేలే, పోతుంది” అంది. నాలుగో ఉతుక్కి గోధుమరంగు ఇంకా ముదిరింది. అప్పుడంది, “ఇక ఇది మచ్చేరా” అని. ఉతికితే పోతుందన్న ఆశ ఉన్నంతసేపే మరక. లేడీ మ్యాక్‌బెత్ ఇంకా రుద్దుతోంది. మచ్చని ఒప్పుకుంటే ఆ చేతులు ఆగిపోయేవి. కాబట్టి: “పో, పాపిష్టి మరకా, పొమ్మంటున్నానా!” పాపిష్టి మనకి తిట్టు, అందులో పాపమూ ఉంది. మూలంలోని విశేషణమూ (డ్యామ్డ్) సరిగ్గా అలాంటిదే, తిట్టూ నరకమూ కలిసింది.

తర్వాత వాసన. ‘రక్తపు వాసన’ అని రాశారు. నీచు అనండి. “నీచు ఇంకా పోలేదు. అరబ్బు దేశపు అత్తర్లన్నీ పోసినా ఈ చిన్న చెయ్యి బాగుపడదు.” చేపలు తోమిన చెయ్యి ఎన్నిసార్లు కడిగినా ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునే ఆడవాళ్లకి ఈ ముక్క విడమర్చి చెప్పక్కర్లేదు. అది విని పరిచారికని ఒక్క ‘పాపం’ అననివ్వండి. ఇంగ్లీషులో దోషానికొక మాట, జాలికొక మాట కావాలి. మనకి రెంటికీ ఒకటే. మూలంలో లేదు, నిజమే. కానీ తెలుగువాళ్లెవరైనా అక్కడ నిలబడితే అనకుండా ఉండలేరు.

ఒక్కచోట నాకూ కుదరలేదు. ఆశకి తోడు ఉండాలని ఆమె కోరిన ఆ చెడ్డతనానికి మూలంలో ఇల్‌నెస్ అని ఉంది. 1606 ప్రాంతపు నాటకం, అప్పట్లో ఆ మాటకి దుష్టత్వమనే అర్థం. నేటి చెవికి జబ్బు వినపడుతుంది, ఆమెకి చివరికి మనోవ్యాధే వస్తుంది కూడా. రెండూ పలికే తెలుగు మాట కావాలి. ‘తెగులు’ అనుకున్నాను, “ఏం తెగులు నీకు” అంటాం కదా. కానీ అందులో క్రౌర్యం చాలట్లేదు. మీ వైపు ఇంకేదైనా మాట ఉంటే రాయండి, పిల్లల రిహార్సల్ ఆదివారమట.