ఒకే జోకు మళ్లీ మళ్లీ వాడతా, ఆ సంగతి మనమే చెప్పేస్తే సరిపోతుందా?

అనంత_గీతలు (అనంతపురం)

మేము ముగ్గురం కలిసి మన యాసలో చిన్న చిన్న యానిమేషన్ కామెడీ ఎపిసోడ్లు చేసి యూట్యూబ్‌లో పెడతాండాం. రాసేది నేను. మెయిన్ పాత్ర ఓబులేసు మామ, రిటైరైన బస్సు కండక్టరు. ఎవరు ఏ ఊరి పేరెత్తినా "ఆ రూట్లో నేను డ్యూటీ చేసేటప్పుడు..." అని అందుకుంటాడు, ఠక్కుమని ఫ్లాష్‌బ్యాక్. అక్కడ ఏదో ఒక గందరగోళం జరుగుతుంది, మళ్లీ అరుగు మీదికి వచ్చేస్తాం.

మొదట్లో జనం దానికే పడి పడి నవ్వినారు. ఇప్పుడేమో కామెంట్లలో "మళ్లీ అదేనా మామా" అంటాండారు. మా ఎడిటర్ ఒక ఉపాయం చెప్పినాడు. మామ నోరు తెరవంగానే పక్కన కట్టేసిన మేక మనవైపు తిరిగి "అయిపోయె, మళ్లీ ఫ్లాష్‌బ్యాక్" అనాలంట. మన మీద మనమే జోకేసుకుంటే ఇంకెవరూ ఏమీ అనలేరని వాడి లెక్క. పెద్ద పెద్ద కార్టూన్ షోలన్నీ చేసేది ఇదే కదా అంటాడు. నాకు మనసొప్పడం లేదు, కానీ ఎందుకో గట్టిగా చెప్పలేకపోతాండా. సింప్సన్స్, ఫ్యామిలీ గై బాగా చూసినోళ్లు చెప్పండప్పా.

బురుజు_పక్కన (కర్నూలు)

అన్నా, ఆ మేక డైలాగు పెట్టొద్దు.

పెద్ద షోలు తమ మీద తామే జోకులేసుకున్న మాట నిజమే. ఎట్లా వేసుకున్నాయో చూడాల. సింప్సన్స్ మొదలైంది 1989లో. 1997లో పూచీ అనే కుక్క వచ్చే ఎపిసోడ్ ఒకటుంది, దొరికితే ముగ్గురూ కూర్చొని చూడండి. ఆ ఇంటి పిల్లలు బార్ట్, లీసా రోజూ చూసే పిల్లి-ఎలుక కార్టూన్ పాతబడిపోతుంది. చానెల్ వాళ్లు కంగారుపడి, కుర్రకారు స్టైలుతో పూచీని కొత్తగా దించుతారు. దానికి గొంతిచ్చేది వాళ్ల నాయన హోమరే. జనానికి అది నచ్చదు, చివరికి దాన్ని తీసేస్తారు. ఇంకో తమాషా ఏందంటే, ఆ ఎపిసోడ్‌లో అక్కడక్కడా సింప్సన్స్ ఇంట్లోనే రాయ్ అని ఒక కొత్త పిల్లోడు తిరుగుతుంటాడు. వాడెవడో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఫ్లింట్‌స్టోన్స్ అనే పాత కార్టూన్ షో ఎపిసోడ్ల లెక్కను సింప్సన్స్ దాటింది సరిగ్గా ఆ ఎపిసోడ్‌తోనే. షో ముసలిదైతే ఏం చేయాలనే భయాన్నే కథ చేసుకున్నారన్నమాట. చానెలుకూ వాతలు పడినాయి, రాసేవాళ్లకూ పడినాయి, "ఇంత చెత్త ఎపిసోడ్ చూడలేదు" అనే అభిమానికీ పడినాయి. మీ మేక దగ్గర ఆ కథ లేదు. "మాకూ తెలుసు" అని మాత్రమే చెబుతుంది. తెలిసినప్పుడు మానొచ్చు కదా అనుకుంటాడు చూసేవాడు.

ఇంక మీ ఫ్లాష్‌బ్యాక్ సంగతి. అది అచ్చంగా ఫ్యామిలీ గై కట్‌అవే. 1999 నుంచీ అందులో మెయిన్ పాత్ర పీటర్ "ఇది ఆ రోజు జరిగినట్టే ఉందే" అనడం, కథ ఆగిపోయి ఇంకెక్కడికో పోవడం. వాటిల్లో చాలావాటిని పీకి ఇంకో ఎపిసోడ్‌లో అతికించినా తేడా తెలీదు. సౌత్ పార్క్ అనే ఇంకో కార్టూన్ షో వాళ్లు 2006లో దీని మీదే కొట్టినారు. ఫ్యామిలీ గై జోకులు రాసేది నీళ్ల ట్యాంకులో ఉండే మనాటీలు (సముద్రపు ఆవులు), మాటలు రాసిన బంతుల్ని అవి ఏరుకుంటే అదే జోకు అని చూపించినారు. ఎకసెక్కమే అయినా మంచి పరీక్ష అది. ఓబులేసు మామ ఫ్లాష్‌బ్యాకును తీసి వేరే పాత్ర నోట్లో పెట్టి చూడండి. అప్పుడు కూడా పేలితే అది మామ జోకు కాదు, దాన్ని కొట్టేయండి.

నాకు ఫ్యామిలీ గై ఇష్టమే. పీటర్ కిందపడి మోకాలు పట్టుకొని బుస్సుమంటా, మూలుగుతా ఉండే సీను ఎన్నిసార్లు చూసినా నవ్వొస్తుంది. ముందు నవ్వుతాం, తర్వాత విసుగొస్తుంది, ఇంకా ఆపకపోతే మళ్లీ నవ్వొస్తుంది. అంతసేపు సాగదీయడానికి దమ్ముండాల.

ముగ్గురు_పిల్లల_తల్లి (కడప)

రిపీట్ చేస్తే తప్పేముంది తమ్ముడూ? మా పిల్లోళ్లు ఛోటా భీమ్ చూసేటప్పుడు లడ్డు ఎప్పుడు తింటాడా అని కాసుకొని ఉంటారు. తినకపోతే అలుగుతారు. పది మంది విసుక్కున్నారని మామ నోటికి తాళమేస్తే, ఆ మాట కోసమే వచ్చేవాళ్ల గతేంది?

బురుజు_పక్కన (కర్నూలు)

అక్కా, మీరన్నదీ నిజమే. సౌత్ పార్క్‌లో కెన్నీ అనే పిల్లోడు మొదటి ఐదు సీజన్లలో దాదాపు ప్రతిసారీ చచ్చిపోతాడు, ఈసారి ఎట్లా చస్తాడా అని ఎదురుచూసేవాళ్లం. రాసేవాళ్లకే విసుగొచ్చి 2001లో నిజమైన జబ్బుతో చంపేసినారు. ఆసుపత్రిలో వాణ్ణి చూసి ఫ్రెండ్స్ తల్లడిల్లిపోయే ఎపిసోడ్ అది. అన్నిసార్లు నవ్వించిన చావు ఆరోజు గుండె పట్టేసింది. రిపీట్ చేసినందుకే ఆ దెబ్బ అంత గట్టిగా తగిలింది.

తెర_వెనక_దీపం (ధర్మవరం)

మా పక్కనే నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది కదా, ఆ ఊరే. నేను చిన్నప్పుడు చూసిన ఆటల్లో రామాయణం మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క అనే నవ్వించే బొమ్మలు దూరేవి. ఎప్పుడు చూసినా కొట్లాటే, అవే తిట్లు. కానీ ఆట ఏ ఊర్లో ఆడితే ఆ ఊరి బావి, ఆ ఊరి పెద్దరెడ్డి మీసం, ఆ ఏటి కరువు ఆ కొట్లాటలోకి వచ్చేవి. ముందు వరసలో కూర్చున్నోళ్లు తమ ఊరి పేరు వినంగానే లేచి కేకలేసేవాళ్లు. రాముడు ఏడుస్తున్నా మాకు బంగారక్క ఎప్పుడొస్తుందా అనే ఉండేది.

మీ మామ ఊర్ల పేర్లు చెప్తాడు సరే. ఆ ఊరిది ఏమన్నా ఒక్కటి కనపడుతుందా మీ ఫ్లాష్‌బ్యాక్‌లో? నేను రెండు ఎపిసోడ్లు చూసినా. ఉరవకొండైనా, కళ్యాణదుర్గమైనా అదే బస్సు, అదే తోపులాట.

అనంత_గీతలు (అనంతపురం)

అన్నా, ఇది సూటిగా తగిలింది. మేక డైలాగు తీసేస్తాండాం, ఎడిటర్‌తో మాట్లాడినా.

రాత్రి ఒక సీను రాసినా, చూడండి. మనవరాలు బుక్కరాయసముద్రం పేరెత్తుతుంది. మామ "ఆ రూట్లో నేను..." అని ఆగిపోతాడు. ఫ్లాష్‌బ్యాక్ రాదు. లోపలికి పోయి ట్రంకుపెట్టె తీసి, పాత డైరీలో నుంచి ఒక టికెట్ బయటికి లాగుతాడు. వెనక ఆయన రాతే, పెన్నుతో "3 రూ. ఇవ్వాల". చిల్లర లేక బాకీ పడితే కండక్టర్లు టికెట్ వెనక రాసిచ్చేవాళ్లు కదా, ఆ టికెట్ దిగేటప్పుడు ప్యాసింజరు మామ చేతికే ఇచ్చేసి, చిల్లర మర్చిపోయి పోయినాడు. మామ ఆ మూడు రూపాయలు పట్టుకొని చెప్పులేసుకుంటాడు. ఆ ప్యాసింజరును ఎట్లా చూపించాలో తెగడం లేదు.

తెర_వెనక_దీపం (ధర్మవరం)

ఫ్లాష్‌బ్యాక్‌లో మాత్రం చూపించొద్దు. ఊర్లోకి పోయి అడిగించండి. బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద కూర్చున్న నలుగురు ముసలోళ్లలో ప్రతి ఒక్కరూ "ఆ మూడు రూపాయలు నావే" అనాల.