ఏళ్ల తరబడి ఆగిన పాత కారు: ట్యాంక్ దించాల్సిందేనా, కొత్త పెట్రోల్ పోసి స్టార్ట్ చేసేయొచ్చా?

గ్యారేజ్_మూల:
మా నాన్నగారి కారు ఆరేళ్లుగా షెడ్డులో కదలకుండా ఉంది. కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) ఉన్న బండి. ట్యాంక్‌లో పావు వంతు పెట్రోల్ అప్పటిది అలాగే ఉండిపోయింది. మూత తీసి చూస్తే పెట్రోల్ వాసన లేదు, పాత పెయింట్ డబ్బా తెరిచినట్టు పుల్లటి ఘాటు కొట్టింది. ఇద్దరు మెకానిక్‌లను అడిగాను. ఒకాయన "పది లీటర్లు కొత్త పెట్రోల్, ఒక సీసా ఫ్యూయల్ క్లీనర్ పోసి సెల్ఫ్ కొట్టు, నడుస్తుంటే అదే శుభ్రమైపోతుంది" అన్నారు. ఇంకొకాయన ట్యాంక్ దించి లైను మొత్తం కడిగేదాకా తాళం కూడా తిప్పొద్దన్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. మీరైతే ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు? కారణంతో సహా చెప్పండి.

నాలుగు_చక్రాలు:
నేను మొదటాయన పక్షం. ఇప్పటికి మూడు బండ్లు ఇలాగే లేపాను, మూడూ బాగానే తిరుగుతున్నాయి. పాత బండిని అనవసరంగా కదిపితే వచ్చే కష్టాలు చాలామందికి తెలియవు. ట్యాంక్ పట్టీల బోల్టులు తుప్పుపట్టి ఉంటాయి, పానా వేసి గట్టిగా తిప్పితే విరుగుతాయి. పెట్రోల్ ఎంతుందో చూపే గేజ్ యూనిట్ తీస్తే దాని గ్యాస్కెట్ మళ్లీ సరిగ్గా కూర్చోదు, ఇనుప లైను పట్టుకుని వంచితే చిల్లుపడుతుంది. కదపకుండా వదిలేస్తే ఇంకో పదేళ్లు ఉండేదాన్ని మన చేత్తో మనమే పాడుచేసుకుంటాం. కొత్త పెట్రోల్ కలిపితే పాతది పలచబడుతుంది, క్లీనర్ తన పని తను చేస్తుంది, ఫిల్టర్ ఒకటి మార్చుకుంటే సరిపోతుంది.

తుప్పు_శత్రువు:
నాలుగు_చక్రాలు గారూ, మీ మూడు బండ్లు ఎన్నాళ్లు ఆగి ఉన్నాయో చెప్పలేదు. అసలు విషయం అంతా అక్కడే ఉంది.

కొన్ని నెలలు ఆగిన పెట్రోల్‌లో ముందు తేలిగ్గా ఆవిరయ్యే భాగం పోతుంది, దాంతో ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడం కష్టమవుతుంది, కొత్త పెట్రోల్ కలిపితే సర్దుకుంటుంది. అక్కడిదాకా మీ మాట కరెక్టే. కానీ ఏళ్లు గడిచేకొద్దీ మిగిలిన పెట్రోల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురు కడుతుంది. గ్యారేజ్_మూల గారికి వచ్చిన పుల్లటి వాసన అదే. ఆ జిగురు కొత్త పెట్రోల్ పోస్తే మళ్లీ పెట్రోల్ అయిపోదు. కరిగినంత మేర కరిగి ముందుకు వెళ్తుంది, వేడి తగిలిన చోట గట్టిపడుతుంది. ముఖ్యంగా ఇన్‌టేక్ వాల్వ్ (సిలిండర్‌లోకి పెట్రోల్, గాలి వదిలే కవాటం) కాడ మీద.

నా చేతిలో జరిగిందే చెప్తాను. ఒక బండిని పాత పెట్రోల్‌తోనే స్టార్ట్ చేశాం. ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా నడిచింది, అందరం సంతోషపడ్డాం. మర్నాడు పొద్దున సెల్ఫ్ కొడితే లోపల టక్కుమని చప్పుడు, ఒక సిలిండర్ పనిచేయడం మానేసింది. రాత్రి ఇంజిన్ చల్లారేసరికి వాల్వ్ కాడ అది జారే గొట్టంలో, అంటే గైడ్‌లో, అతుక్కుపోయింది. అది కదలనని మొండికేస్తే వాల్వ్‌ని తెరిచే రాకర్ నొక్కిన నొక్కుకి, ఆ రాకర్‌ని తోసే పుష్‌రాడ్ అనే కడ్డీ వంగిపోయింది. హెడ్ విప్పి చూస్తే కాడ మీద లక్క పూసినట్టు గోధుమ రంగు పొర, గోటితో గీకితే రాలేదు. ట్యాంక్ దించడానికి ఒక పూట పట్టేది, అది బద్ధకించి హెడ్ విప్పే పని తెచ్చుకున్నాం. అందుకే ఈ విషయంలో నేను గట్టిగా మాట్లాడతాను.

క్లీనర్ సీసాల సంగతి కూడా చెప్పాలి. అవి నడుస్తున్న బండిలో కొద్దికొద్దిగా పేరుకున్న మడ్డికి పనికొస్తాయి. పూర్తిగా మూసుకుపోయిన జెట్‌లోకి (కార్బురేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క) పెట్రోలే పోదు, ఇంక అందులో కలిపిన మందు ఎలా పోతుంది?

నాలుగు_చక్రాలు:
నా బండ్లలో రెండు ఏడెనిమిది నెలలు ఆగినవి, ఒకటి ఏడాదిన్నర. అది ముందే చెప్పాల్సింది, ఒప్పుకుంటున్నాను. అయినా ప్రతి ఆగిన బండికీ ట్యాంక్ దించాలంటే మాత్రం ఒప్పుకోను. విరిగిన బోల్టులు, చిట్లిన పైపులు కూడా నిజమైన నష్టమే.

సీసా_పరీక్ష:
ట్యాంక్‌లో ఏముందో చూడకుండానే ఇద్దరూ వాదించుకుంటున్నారు. ముందు చూడండి. ట్యాంక్ కింద డ్రెయిన్ బోల్టు ఉంటే దాని నుంచి, లేకపోతే పంప్‌కి వచ్చే హోస్ విప్పి అక్కడి నుంచి ఒక అర లీటరు గాజు సీసాలోకి పట్టండి. పైపైన ఉన్నది తీస్తే లాభం లేదు, అడుగుదే కావాలి. ఒక గంట కదపకుండా ఉంచి వెలుతురులో పెట్టి చూడండి. రంగు లేత పసుపులో ఉండి, అడుగున ఏమీ లేకపోతే పాతది తోడేసి కొత్తది పోసుకోవచ్చు. ముదురు రంగు, అడుగున నీటి పొర, ఎర్ర పొడి, ఈ మూడింటిలో ఏది కనిపించినా ట్యాంక్ దించాల్సిందే.

ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే నీటి గురించి ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ మామూలు వాతావరణంలో సుమారు అర శాతం నీటిని మాత్రమే తనలో ఇముడ్చుకోగలదు, అంటే నలభై లీటర్లకి దాదాపు 200 మిల్లీలీటర్లు. అది దాటిందంటే ఇథనాల్‌లో చాలా భాగం నీటితో కలిసి విడిపోయి అడుగుకి దిగుతుంది. పంప్ పీల్చేది కూడా అడుగు నుంచే కదా. ఆ పొర ఇనుప ట్యాంక్‌నీ కార్బురేటర్ గిన్నెనీ తినేస్తుంది.

ఇంజిన్ అసలు బతికే ఉందో లేదో తెలుసుకోవాలని ఆత్రంగా ఉంటే, దానికి ట్యాంక్‌తో పనిలేదు. ట్యాంక్ నుంచి వచ్చే లైను విప్పి బిరడా పెట్టేయండి, పంప్ హోస్‌ని కొత్త పెట్రోల్ ఉన్న చిన్న క్యాన్‌కి కలపండి. క్యాన్ సైలెన్సర్ వేడికీ ప్లగ్ వైర్లకీ దూరంగా, ఒరిగిపోకుండా కట్టి ఉండాలి. అంతకుముందు కార్బురేటర్ గిన్నె విప్పి కడగాలి, పాతదంతా ఆరిపోయి పొరకట్టేది ముందు అక్కడే.

తుప్పు_శత్రువు:
క్యాన్ పద్ధతి నాకూ ఇష్టమే. సీసా పరీక్షకి మాత్రం ఒక మాట కలుపుతాను. ట్యాంక్ పై భాగంలో, పెట్రోల్ తగలని గోడలకి తుప్పు ఎక్కువగా పడుతుంది. సీసా శుభ్రంగా కనిపించినా, ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజున ఆ తుప్పంతా ఊడి కిందికి వస్తుంది.

నిప్పు_జాగ్రత్త:
దయచేసి ఎవరూ ట్యాంక్ లోపల ఏముందో చూద్దామని మామూలు టార్చ్‌లు, వైరు కెమెరాలు దించకండి. ఖాళీ చేసిన ట్యాంక్ నిండు ట్యాంక్ కన్నా ప్రమాదం. ద్రవం కాదు, ఆవిరి అంటుకుంటుంది. గాలిలో ఒకటిన్నర శాతం నుంచి ఏడున్నర శాతం దాకా ఆ ఆవిరి ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అది గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ వెళ్లి ఎక్కడో దూరంగా ఉన్న మోటారు దగ్గర అంటుకోగలదు. అందుకే ఈ పని ఆరుబయట పెట్టుకోండి, ముందు బ్యాటరీ తీసేయండి, నోటితో పీల్చొద్దు, మామూలు కరెంటు పంపులతో తోడొద్దు. తోడిన పాత పెట్రోల్ కాలువలో పారబోయకండి. ఖాళీ ట్యాంక్‌కి వెల్డింగ్ చేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇంజెక్షన్ బండి (కార్బురేటర్ లేకుండా పెట్రోల్‌ని ఒత్తిడితో చిమ్మే రకం) ఉన్నవాళ్లు ఇది చదివి క్యాన్ పద్ధతి చేయబోవద్దు. చాలా బండ్లలో పంప్ ట్యాంక్ లోపలే ఉంటుంది, లైనులో దాదాపు మూడు బార్ల ఒత్తిడి ఉంటుంది, దాన్ని దించకుండా పైపు విప్పితే పెట్రోల్ ముఖాన చిమ్ముతుంది. పంప్‌ని చల్లబరిచేది కూడా పెట్రోలే, వట్టిగా తిప్పితే కాలిపోతుంది.

గ్యారేజ్_మూల:
అందరికీ థాంక్స్. ఈ రెండు వారాల్లో ఏం జరిగిందో చెప్తాను.

సీసాలోకి పట్టాను. పైన ముదురు నారింజ రంగు, కింద వేలు మందాన వేరుగా ఒక పొర, దాని అడుగున గోధుమ రంగు నలుసు. ఇంక ఆలోచించలేదు, దించాను. నాలుగు_చక్రాలు గారు చెప్పినట్టే ఒక పట్టీ బోల్టు విరిగింది, మూడు రోజుల ముందు నుంచి నూనె పోసి నానబెట్టినా సరే. పీల్చే గొట్టం చివరన ఉన్న జాలీ మూడొంతులు మూసుకుపోయి ఉంది. ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోల్ వాసన రాలేదు, అంటే పెట్రోల్ ఆయిల్‌లోకి దిగలేదు, అది కాస్త ఊరట.

కార్బురేటర్‌లో మెయిన్ జెట్ బాగానే ఉంది. బండి ఆగి నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ ఇచ్చే స్లో జెట్ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే చీకటి, ఏమీ కనపడలేదు. ఇత్తడి మెత్తన, తీగ పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై ఎప్పటికీ సరిగ్గా నడవదని చదివాను కాబట్టి పొడవలేదు. రబ్బరు ముక్కలన్నీ విడిగా తీసిపెట్టి, కార్బ్ క్లీనర్‌లో రాత్రంతా నానేసి గాలి కొట్టాను. మూడోసారికి సూది మొనంత వెలుగు కనిపించింది. ఆ చుక్క చూసినప్పుడు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను, నాన్నగారికి కూడా పిలిచి చూపించాను.

ఇప్పుడు ఒకే సందేహం. ట్యాంక్ లోపల పలుచగా తుప్పు ఉంది, చిల్లులు లేవు. లోపల పూసే కోటింగ్ వేయమంటారా?

నాలుగు_చక్రాలు:
బోల్టు సంగతి బాధగా ఉంది, కానీ ఆ సీసా చూశాక నేనైనా దించేవాణ్ణే. కోటింగ్ వేయండి, మళ్లీ తుప్పు భయం ఉండదు.

తుప్పు_శత్రువు:
వద్దు. తుప్పు ఒక్క మరక మిగిలినా, తడి మిగిలినా దాని మీద కోటింగ్ పట్టదు, కొన్నాళ్లకి పెచ్చులుగా ఊడి జాలీకి అడ్డం పడుతుంది, అప్పుడు దాన్ని తీయడం తుప్పు తీయడం కన్నా కష్టం. చిల్లులు లేని ట్యాంక్‌కి అది అనవసరం. సిట్రిక్ యాసిడ్ నీళ్లు నింపి ఒకటి రెండు రోజులు ఉంచండి, మధ్యమధ్యలో చూస్తుండండి, లోపల జింక్ పూత ఏమైనా ఉంటే దాన్ని కూడా అది తినేస్తుంది. తర్వాత వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టండి, గంటసేపు తడిగా వదిలినా మళ్లీ ఎర్రబడుతుంది. ఆ యాసిడ్ నీళ్లలో కార్బురేటర్ మాత్రం ముంచొద్దు.

సీసా_పరీక్ష:
రిటర్న్ లైను (మిగిలిన పెట్రోల్ ట్యాంక్‌కి తిరిగి వెళ్లే గొట్టం) కడిగారా? అందరూ మర్చిపోయేది అదే. ట్యాంక్ మూతలో గాలి రంధ్రం కూడా చూడండి. అది మూసుకుంటే బండి పావుగంట నడిచి ఆగిపోతుంది, అప్పుడు తప్పంతా కార్బురేటర్ మీదికి పోతుంది.

గ్యారేజ్_మూల:
కోటింగ్ వేయలేదు. రిటర్న్ హోస్ వంచి చూస్తే క్లిప్ దగ్గర అడ్డంగా పగుళ్లు, హోస్‌లన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేశాను. పంప్‌కి ముందు పారదర్శకమైన ఫిల్టర్ పెట్టాను. మొదటిది రెండు రోజులకే ఎర్రపొడితో అడుగు నిండింది. రెండోది వేసి ఎనిమిది రోజులైంది, రోజూ పొద్దున బానెట్ ఎత్తి చూస్తున్నాను, ఇంకా తెల్లగానే ఉంది.