మూసీ ఒడ్డు బాగుపడితే బస్తీవాళ్లకు ఏం మిగులుతుంది?

బస్తీబాబు:
మూసీ ఒడ్డు బాగుచేస్తామని 2024 సెప్టెంబరు చివర్లో హైదరాబాద్ మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ (నది గర్భంలో ఉన్న ఇల్లని గుర్తు) అని రాశారు గుర్తుందా? మా మేనత్త ఇంటి మీదా రాశారు. ఖాళీ చేసి సర్కారిచ్చిన డబుల్ బెడ్రూం ఇంటికి పోయింది. "పక్కా ఇల్లొచ్చింది, ఇంకేం కావాలి" అంటున్నారు చుట్టాలు. పాత ఇంట్లో రెండు గదులు కిరాయికి ఇచ్చేది, గుమ్మం ముందే మిర్చి బజ్జీల బండి. ఇప్పుడు ఐదో అంతస్తు. శనగపిండి, నూనె డబ్బా, స్టవ్వు రోజూ కిందికి మోసి, రాత్రి మళ్లీ పైకి మోయాలి. లిఫ్ట్ పనిచేసిన రోజు పండగే. నెల రోజులు చూసి బండి అమ్మేసింది.

మలక్‌పేట రాజు:
బాధ అర్థమైంది అన్నా, కానీ ఆ ఇల్లు ఉన్నది నది కడుపులో. 2025 సెప్టెంబరులో జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) గేట్లెత్తితే ఎంజీబీఎస్ బస్టాండులోకే నీళ్లొచ్చాయి. మూసానగర్‌లో ఉన్నవాళ్లను అప్పుడూ ఖాళీ చేయించారు. వరదొచ్చిన ప్రతిసారీ బియ్యం, పరుపులు, ఫ్రిజ్ పోతాయి కదా, ఆ నష్టం ఎవరి ఖాతాలో రాస్తారు?

బస్తీబాబు:
వరదకు నేను కాదనను. అత్త కూడా కాదనదు, ఓసారి మంచం మీద మంచమేసి తెల్లారేదాకా కూర్చుంది. నా పేచీ ఇంటితో కాదు, సంపాదనతో.

పాత కాగితం:
1908 మూసీ వరద తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. అదీ ఇరుకు బస్తీలను కూల్చింది. కానీ చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టి బజారు కట్టినప్పుడు రాతి కమాన్ల కింద దుకాణాలకు చోటిచ్చారు. ఇన్నేళ్లయినా అక్కడ బేరం ఆగలేదు. ఇప్పుడు కట్టే బ్లాకుల్లో కింద కొన్ని మడిగెలు వదలడానికి ఏం అడ్డమొచ్చిందో!

అహ్మదాబాద్‌లో తెలుగోణ్ణి:
ఇక్కడ బాగుచేసిన సబర్మతి నది తీరాన్ని అందరూ మెచ్చుకుంటారు, నడవడానికి నిజంగానే బాగుంటుంది. ఆదివారాల్లో జరిగే గుజరీ బజారుకు మళ్లీ నది ఒడ్డునే చోటిచ్చారు, ఎందుకంటే వ్యాపారులకు సంఘం ఉంది, కోర్టుకెక్కారు. ఒడ్డు గుడిసెల్లోని చాలామందిని మాత్రం వట్వా లాంటి ఊరి చివరి కాలనీలకు పంపారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు రెండు బస్సులు మారితే జీతంలో ఏం మిగులుతుంది?

మలక్‌పేట రాజు:
ఒడ్డు బాగుపడితే చుట్టుపక్కల భూమి ధరలు పెరుగుతాయి, కొత్త పనులొస్తాయి. అదీ చూడాలిగా.

బస్తీబాబు:
పెరుగుతాయి, రాజన్నా. లాభం రిజిస్ట్రేషన్ కాగితం ఉన్నవాళ్లది. అత్తకిచ్చింది అమ్ముకునే ఇల్లు కాదు, కిరాయికి ఇచ్చుకునేదీ కాదు. ఆమె దగ్గర కిరాయికున్న తాపీమేస్త్రీకి ఆ ఇల్లు కూడా రాలేదు. ఇప్పుడెక్కడున్నాడో అత్తకే తెలీదు, రెండు నెలల కిరాయి బాకీ మాత్రం ఉందట.