మెస్సీ న్యూవెల్స్‌కు తిరిగి వెళ్ళాలా? వెళ్తే ఎప్పుడు?

తిరుపతి పదో నంబరు:

యూనివర్సిటీ గ్రౌండులో సాయంత్రం ఆడే మా బ్యాచ్ ఈ విషయంలో రెండుగా చీలిపోయింది. 2025 డిసెంబర్‌లో మెస్సీ ఉప్పల్ స్టేడియంకు వచ్చి వెళ్ళినప్పటి నుంచీ ఇదే చర్చ. అమెరికా క్లబ్బు ఇంటర్ మయామితో ఆయన ఒప్పందం 2028 దాకా ఉంది. ఆ ఏడు జూన్‌కు 41 నిండుతాయి. 13 ఏళ్ళకే అర్జెంటీనాలోని సొంతూరు రోసారియో వదిలి బార్సిలోనా వెళ్ళిపోయాడు కాబట్టి అర్జెంటీనా లీగులో ఒక్క సీనియర్ మ్యాచ్ కూడా ఆడలేదు. పిల్లల జట్లలో ఆడిన ఆ ఊరి క్లబ్బు న్యూవెల్స్ ఓల్డ్ బాయ్స్‌కు చివర్లో ఒక్క సీజనైనా ఆడాలని సగం మంది పట్టు. అదే ఊరి ఇంకో క్లబ్బు రోసారియో సెంట్రల్‌కు తిరిగొచ్చిన డి మారియాను వాళ్ళు చూపిస్తారు. నెయ్‌మార్ తన పాత బ్రెజిల్ క్లబ్బు శాంటోస్‌కు తిరిగొచ్చి పడిన అవస్థ చూశాక కూడా ఆ మాట ఎలా అంటారని మిగతా సగం. అభిమానం పక్కన పెట్టి చెప్పండన్నా: ఒళ్ళు సహకరిస్తుందా, ఆ లీగు లెక్కలు ఎలా ఉంటాయి, వెళ్తే ఎన్ని మ్యాచ్‌లకు వెళ్ళాలి?

పుత్తూరు లెఫ్ట్ బ్యాక్:

తమ్ముడూ, వయసు చూసి తీర్పు చెప్పకండి. తిరిగి వచ్చే ముందు పన్నెండు నెలల్లో ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో చూడండి. డి మారియా 2025 జూలైలో రోసారియో సెంట్రల్‌కు దిగేనాటికి 37 ఏళ్ళు. కానీ అంతకుముందు సీజనంతా బెన్‌ఫికాకు ఆడి, క్లబ్ ప్రపంచ కప్‌లో 4 గోల్స్ కొట్టి, ఆ ఊపు తగ్గకుండానే వచ్చాడు. జూలై 12న గోడోయ్ క్రూజ్‌తో మొదటి మ్యాచ్‌లోనే పెనాల్టీ గోల్. ఆగస్టులో న్యూవెల్స్‌తో జరిగిన డెర్బీని (ఒకే ఊరి ప్రత్యర్థుల మ్యాచ్‌ను) ఆయన ఫ్రీకిక్కే 1-0తో గెలిపించింది.

నెయ్‌మార్ శాంటోస్‌కు వచ్చినప్పుడు 33 కూడా నిండలేదు. అయితే 2023 అక్టోబర్‌లో మోకాలి లిగమెంట్ తెగి ఏడాది కూర్చున్నాడు, సౌదీ క్లబ్బు అల్ హిలాల్‌కు ఆడింది మొత్తం 7 మ్యాచ్‌లే. ఆ ఒంటితో బ్రెజిల్ లీగులోకి దిగితే 2025 మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో మళ్ళీ, సెప్టెంబర్‌లో ఇంకోసారి తొడ దెబ్బలు. ఏడాది చివర మోకాలు. నెదర్లాండ్స్ ఆటగాడు రాబెన్‌ది మరీ బాధాకరం. 2019లో రిటైరై, ఏడాది ఆగి, 2020లో సొంత క్లబ్బు గ్రోనింగెన్‌కు వచ్చాడు. పీఎస్‌వీతో మొదటి లీగు మ్యాచ్‌లో దెబ్బతిని అరగంటకే బయటికి నడిచాడు, ఆ సీజన్‌లో చాలా భాగం ఆడలేకపోయాడు.

ఎందుకిలా అంటే, సైకిలు తొక్కి, జిమ్ చేసి గుండెను, ఊపిరిని సిద్ధం చేసుకోవచ్చు. తొడ వెనక కండరం మాత్రం పూర్తి వేగంతో పరిగెత్తి ఒక్కసారిగా ఆగడం అలవాటు ఉంటేనే నిలుస్తుంది. ఎముక విరిగితే జనం మా ఊరికి వచ్చి కట్టు కట్టించుకుని కదలకుండా ఉంటారు. చీలిన కండరానికి ఆ పద్ధతి చెల్లదు. కొద్ది రోజులు ఆగి మెల్లమెల్లగా బరువు మోయించాలి, లేకపోతే మళ్ళీ అదే చోట చీలుతుంది.

పద్ధతిగా దించాలంటే ఇలా: జట్టుతో కలిశాక కనీసం మూడు నాలుగు వారాలు మ్యాచ్ వద్దు. ఆ వారాల్లో తన గరిష్ఠ వేగంలో 90 శాతం దాటే పరుగులు వారానికి రెండుసార్లయినా తీయాలి. మోకాళ్ళ మీద నిలబడి, చీలమండలు ఇంకొకరు పట్టుకోగా మెల్లగా ముందుకు వాలే కసరత్తు వారానికి రెండు రోజులు. తర్వాత మొదటి రెండు మ్యాచ్‌ల్లో 25-30 నిమిషాలు, ఆపై రెండింటిలో 60, అప్పుడే 90. మ్యాచ్‌కు మ్యాచ్‌కు మధ్య 72 గంటలు తగ్గకూడదు. జనం కోసం మొదటి రోజే 90 నిమిషాలు ఆడించడం దగ్గరే చాలా క్లబ్బులు దెబ్బతింటాయి.

కాబట్టి నా మాట: మయామిలో ఆడుతూ ఆడుతూ నేరుగా వెళ్తే సరే. ఆట మానేసి, ఆరు నెలలు విశ్రాంతి తీసుకుని, చివరి కోరికగా వెళ్ళాలనుకుంటే అసలు వద్దు.

చిత్తూరు స్వీపర్:

పైన చెప్పింది నిజమే, కానీ లీగు లెక్క తెలియకుండా ఎన్ని మ్యాచ్‌లని చెప్పలేం. 2025 నుంచి అర్జెంటీనా మొదటి డివిజన్‌లో 30 జట్లు ఆడతాండాయి. ఏడాదికి రెండు టోర్నీలు, మొదటి సగంలో అపెర్టూరా, రెండో సగంలో క్లౌసూరా. ఒక్కో దాంట్లో జట్టుకు 16 మ్యాచ్‌లు, ఆ పైన నాకౌట్. అంటే ఒక టోర్నీ మొత్తం ఆడినా సొంత గ్రౌండులో దాదాపు ఎనిమిదే. మెస్సీకి సరిపోయే కొలత అదే, ఒక్క టోర్నీ. ఏడాది మొత్తానికి సంతకం చేయించడం దురాశ.

ఇంకో చిక్కుండాది. అక్కడ ఏటా రెండు జట్లు కింది డివిజన్‌కు పోతాయి. ఒకరు ఆ ఏడాది పట్టికలో అడుగున ఉన్నోళ్ళు, ఇంకొకరు ప్రొమేడియోలో అడుగున ఉన్నోళ్ళు. ప్రొమేడియో అంటే మూడు సీజన్ల పాయింట్లను మూడు సీజన్ల మ్యాచ్‌లతో భాగించిన సగటు. ఏడాదికి 32 చొప్పున మ్యాచ్‌లు 96 దాకా ఉంటాయి కాబట్టి, ఒక స్టార్ వచ్చి ఒక టోర్నీలో 8 పాయింట్లు ఎక్కువ తెచ్చినా సగటు పెరిగేది 0.08 మాత్రమే. అయినా దశాంశంలో రెండో అంకె మీదే జట్లు బతికిపోతాయి, మునిగిపోతాయి. న్యూవెల్స్ ఆ అంచున ఉన్న ఏడాది మెస్సీని దించితే ప్రతి మ్యాచ్ చావోరేవో అయిపోతుంది. అప్పుడు 25 నిమిషాలు, 60 నిమిషాలు అనే పద్ధతిని ఏ కోచ్ పాటిస్తాడు? శాంటోస్‌లో జరిగింది సరిగ్గా అదే. 2025 ఆగస్టులో వాస్కో చేతిలో 0-6తో ఓడి నెయ్‌మార్ ఏడుస్తా బయటికి వచ్చినాడు. డిసెంబర్‌లో దెబ్బతిన్న మోకాలితోనే జువెంటూడ్ మీద మూడు గోల్స్ కొట్టి జట్టును నిలబెట్టినాడు, తర్వాత ఆపరేషన్‌కు పోయినాడు. జట్టు నిలిచింది, నిజమే. ఆ భారం ఒక్క మోకాలి మీద వేయడం న్యాయం కాదు.

మయామి ఖాళీ నెలల్లో లోనుకు (కొన్నాళ్ళు వేరే క్లబ్బుకు ఆడటానికి) పోతే సరిపోదా అని అడిగేవాళ్ళకు: కుదరదు. మయామి ఆడే అమెరికా లీగు ఎంఎల్ఎస్ 2027 జూలై నుంచి కొత్త క్యాలెండర్‌కు మారతాంది, డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి దాకా విరామం. ఆ నెలల్లో అర్జెంటీనాలో ఎండాకాలం, అక్కడా జనవరి చివరి దాకా లీగు ఉండదు. ఇద్దరికీ ఒకే సెలవు. పైగా సెలవులో ఆడించడంలో ఉన్న ముప్పు బెక్‌హామ్‌ను చూస్తే తెలుస్తుంది. ఎంఎల్ఎస్ క్లబ్బు గెలాక్సీ నుంచి ఇటలీ క్లబ్బు మిలాన్‌కు లోనుకు పోయి 2010 మార్చిలో మడమ నరం తెంచుకున్నాడు, ఆ ఏడు ప్రపంచ కప్ పోయింది.

కాణిపాకం కోచ్:

ఇద్దరూ ఒక్క మనిషి లెక్కే వేస్తున్నారు. న్యూవెల్స్ చరిత్రలోనే దీనికి జవాబు ఉంది. 2012లో మాక్సీ రోడ్రిగెజ్ లివర్‌పూల్ నుంచి, హైన్జె రోమా నుంచి, స్కోకో అల్ ఐన్ నుంచి, ముగ్గురూ ఒకే ఏడు ఇంటికి వచ్చారు. ముగ్గురూ ఆ క్లబ్బులో పెరిగినవాళ్ళే, కోచ్ మార్టినో కూడా ఆ క్లబ్బు మనిషే. 2013లో టోర్నెయో ఫైనల్ అనే లీగు టోర్నీ గెలిచారు, దక్షిణ అమెరికా క్లబ్బుల కప్ లిబర్టడోరెస్‌లో సెమీస్ దాకా వెళ్ళి బ్రెజిల్ క్లబ్బు అట్లెటికో మినైరో చేతిలో పెనాల్టీల్లో ఓడారు. ఆ అట్లెటికోను నడిపింది ఎవరు? బ్రెజిల్‌కు తిరిగొచ్చిన రొనాల్డిన్హో. తిరిగి రావడం తప్పని ఎలా అంటాం? మెస్సీ వెళ్ళాలి, వెళ్ళి తీరాలి. అయితే ఒంటరిగా వెళ్ళకూడదు.

ఆట పరంగా చెప్తాను. ఈ వయసులో మెస్సీ బంతి పోయాక వెనక్కి పరిగెత్తడు, పరిగెత్తమని అడగనూ కూడదు. కాబట్టి బంతి లేనప్పుడు 4-4-2లో (వెనక నలుగురు, నడుమ నలుగురు, ముందు ఇద్దరు) ముందు ఇద్దరిలో ఒకడిగా నిలబెట్టాలి. పక్కన ఉన్న స్ట్రైకర్ ఇద్దరి పరుగూ పరిగెత్తేవాడై ఉండాలి. కుడి వైపు మిడ్‌ఫీల్డర్ గ్రౌండు అంచు వెంట ఆడేవాడు కాకుండా నడుమ ఆడే గట్టివాడు కావాలి. మెస్సీ వదిలేసిన జాగా కుడివైపే కనుక ప్రత్యర్థి లెఫ్ట్ బ్యాక్ ప్రతిసారీ అక్కడి నుంచే వస్తాడు. ఈ ఇద్దరిని ముందు కొనకుండా మెస్సీతో సంతకం చేయిస్తే రెండో సగంలో గోల్స్ తింటూ పోతారు. ఫ్రీకిక్కులు, కార్నర్లు ఆయనకే ఇస్తే కాళ్ళు తక్కువ వాడి ఎక్కువ రాబట్టొచ్చు.

నిజమైన అడ్డంకి రోసారియో నగరమే. 2023 మార్చిలో మెస్సీ అత్తగారి కుటుంబం సూపర్‌మార్కెట్ మీద కాల్పులు జరిపి బెదిరింపు కాగితం వదిలారు. 2024 మార్చిలో డి మారియాకూ బెదిరింపు వచ్చింది, ఆ ఏడాది రావాలన్న ఆలోచన మానుకున్నాడు, మరుసటి ఏడాదికి గానీ రాలేదు. ముగ్గురు పిల్లలతో అక్కడ కాపురం పెట్టాలా అన్నది తండ్రిగా ఆయన తేల్చుకోవాల్సింది. బ్యూనస్ ఎయిర్స్ నుంచి రోసారియో దాదాపు 300 కిలోమీటర్లు కాబట్టి రోజూ వెళ్ళి రావడం కూడా కుదరని పని.

తిరుపతి పదో నంబరు:

చాలా స్పష్టంగా చెప్పారన్నా. డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. న్యూవెల్స్ భరించగలదా? వెళ్తే ఇక్కడి నుంచి ఏ వేళకు చూడాల్సి వస్తుంది?

చిత్తూరు స్వీపర్:

జీతంగా భరించలేదు. 2025లో ఎంఎల్ఎస్ ఆటగాళ్ళ సంఘం ఇచ్చిన జాబితాలో మెస్సీ మొత్తం ఏడాదికి సుమారు 2.04 కోట్ల డాలర్లు. అర్జెంటీనా పెసోల్లో సంపాదించే క్లబ్బు దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఒప్పందం ముగిశాక ఉచిత బదిలీ, నామమాత్రపు జీతం, జెర్సీ అమ్మకాల్లో, టికెట్లలో వాటా, అంతే దారి. మయామి క్లబ్బులోనే వాటా తీసుకునే హక్కు ఉన్న మనిషికి జీతం పెద్ద లెక్క కాదు.

వేళ సంగతి: అర్జెంటీనా మనకన్నా ఎనిమిదిన్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం 5 అంటే మనకు అర్ధరాత్రి దాటి 1:30. రాత్రి 9:30 మ్యాచ్ అయితే మనకు తెల్లారి 6, అది చూసి నేరుగా ప్రాక్టీసుకు పోవచ్చు. ఆదివారం సాయంత్రం మ్యాచ్ మనకు సోమవారం అవుతుంది, తేదీ చూసుకుని అలారం పెట్టుకోండి.