మైలేజీ 17 నుంచి 12కి పడింది, ఈ సెన్సర్ రీడింగులు చూసి చెప్పండి

నాది 1.2 లీటర్ల పెట్రోల్ కారు, 80 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా మైలేజీ పడిపోయింది. ట్యాంకు నిండా కొట్టించి మూడుసార్లు లెక్కేశాను, పొరపాటు లేదు. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు, ఎర్రర్ కోడ్‌లూ లేవు. టైర్లలో గాలి సరిగానే ఉంది, ఎయిర్ ఫిల్టర్ కొత్తది.

ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని సెన్సర్ రీడింగులు చూపే పరికరం) పెట్టి చూస్తే నన్ను కంగారు పెట్టింది కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) టెంపరేచరే, ఉండాల్సినదానికంటే తక్కువగా ఉంది. హైవే మీద అరగంట నడిపినా 68-72 డిగ్రీలు దాటట్లేదు. ట్రాఫిక్‌లో ఆగితే 82 దాకా ఎక్కుతుంది, కదలగానే మళ్లీ దిగిపోతుంది. సెన్సరే తప్పు చూపిస్తోందేమోనని పొద్దున్నే స్టార్ట్ చేయకముందు చూశాను: కూలెంట్, ఇన్‌టేక్ గాలి (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి) రెండూ 27, అంటే సెన్సర్ బాగానే ఉన్నట్టుంది. స్టార్ట్ చేశాక రేడియేటర్ పై గొట్టం పట్టుకుంటే రెండు నిమిషాల్లోనే గోరువెచ్చగా తగిలింది. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి వెళ్లనివ్వని వాల్వ్) మూసి ఉంటే అంత త్వరగా వేడెక్కకూడదు కదా?

అయితే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె) ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు, మైనస్ 9, హైవే మీద మైనస్ 3. ముందువైపు ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్‌ని కొలిచేది) 0.1, 0.8 వోల్టుల మధ్య ఊగుతోంది గానీ నిదానంగా. మెకానిక్ ఆ సెన్సర్ మార్చేద్దామంటున్నారు. నాకు మాత్రం మనసొప్పట్లేదు.

థర్మోస్టాట్ ఒక్కటే ఇంత మైలేజీ తినేస్తుందా? లేక ఐడిల్‌లో మైనస్ 9 అంటే ఇంజెక్టర్ కారడమో, పర్జ్ వాల్వ్ (ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది) తెరుచుకుపోవడమో అనుకోవాలా? విడిభాగాలు మార్చకుండా తేల్చుకునే పరీక్ష ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.