గుర్తు పెట్టడమా, గుర్తు పెట్టుకోవడమా?

అందరికీ నమస్కారం. నేను అమీర్‌పేటలో సాయంత్రం బ్యాచ్‌కి జావా ప్రోగ్రామింగ్ చెబుతాను. క్లాసులో సగం మంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు కాబట్టి పాఠం తెలుగులోనే నడుస్తుంది. నిన్న గార్బేజ్ కలెక్టర్ గురించి చెబుతూ "ముందు బతికున్న ఆబ్జెక్టులన్నీ గుర్తు పెట్టుకుంటుంది, తర్వాత మిగిలినవి ఊడ్చేస్తుంది" అన్నాను. నారాయణపేట నుంచి వచ్చిన ఒక అబ్బాయి లేచి, "మేడం, గుర్తు పెడుతుందా, గుర్తు పెట్టుకుంటుందా? రెండూ ఒకటి కాదు కదా" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రాత్రంతా అదే ఆలోచించాను. నాకు తోచింది రాస్తున్నాను, తప్పుంటే చెప్పండి.

కంప్యూటర్ పని చేయనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ మెమరీలో ఆబ్జెక్టులు, అంటే సమాచారం దాచిన ముక్కలు, పుడుతూనే ఉంటాయి. కొన్నాళ్లకి వాటిలో చాలావాటితో పని ఉండదు, కానీ చోటు మాత్రం అలాగే ఆక్రమించి ఉంటాయి. ఆ చోటును తిరిగి రాబట్టేదే గార్బేజ్ కలెక్టర్. పేరు చూసి అది చెత్త కోసం వెతుకుతుందనుకుంటాం. నిజానికి అది వెతికేది పనికొచ్చేవాటి కోసం. ప్రోగ్రామ్ చేతిలో ఈ క్షణాన ఏమున్నాయో, అంటే నడుస్తున్న ఫంక్షన్ల వేరియబుల్సు, ప్రాసెసర్‌లోని రిజిస్టర్లు, గ్లోబల్సు, అక్కడ మొదలుపెడుతుంది. వాటిని రూట్స్ అంటారు. ఒక్కో పాయింటర్ (ఇంకో ఆబ్జెక్టు ఎక్కడుందో చెప్పే అడ్రసు) పట్టుకుని వెళ్తుంది, చేరిన ఆబ్జెక్టుకు గుర్తు వేస్తుంది, దాని లోపలున్న పాయింటర్లు పట్టుకుని ఇంకా ముందుకు పోతుంది. ఇలా ఎక్కడికీ వెళ్లలేని స్థితి వచ్చాక గుర్తు పడకుండా మిగిలిందంతా చెత్త. జాడ తీసేటప్పుడు కలెక్టర్ ఆ చెత్తను కన్నెత్తి కూడా చూడదు.

ఇప్పుడు అసలు మాట. పాత రాతల్లో "గుఱుతు" అని కనిపించే మన "గుర్తు" ఎన్ని పనులు చేస్తుందో చూడండి. గోడ మీద గీసిన గీత గుర్తు. చిన్నప్పటి సంగతి మనసులో ఉంటే అదీ గుర్తే. లెక్కల్లో ప్లస్ గుర్తు, మైనస్ గుర్తు. ఈ మూడూ ఒకే మాటలో ఉండటం వల్ల తెలుగులో ఈ పాఠం చెప్పడం తేలికవుతుందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మూడో అర్థంతో మొదలుపెడతాను, ఎందుకంటే చరిత్ర అక్కడే మొదలైంది. 1960లో కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి రాసిన వ్యాసంలో ఈ పద్ధతి చెప్పాడు. యంత్రం ఐబీఎం 704 అనే అప్పటి కంప్యూటర్. చేరిన ప్రతి రిజిస్టర్‌కీ (ఆ వ్యాసంలో మెమరీలోని ఒక్కో గడిని అలా అన్నాడు) మైనస్ గుర్తు వేయాలి. దారిలో అప్పటికే మైనస్ ఉన్నది తగిలితే, దీని దగ్గరికి ఇంతకుముందే వచ్చాం అని అర్థం, ఇక అటు పోనక్కర్లేదు. చివర్లో మెమరీ అంతా ఒకసారి తిరిగి, గుర్తు మారనివాటిని ఖాళీ చోట్ల జాబితాలో చేర్చి, మారినవాటిని మళ్లీ ప్లస్ చేయాలి. మైనస్ ఉన్నదే బతికినట్టు! ఇంగ్లీషులో సైన్, మార్క్ వేర్వేరు మాటలు. మనకు "గుర్తు మార్చి గుర్తు పెట్టాడు" అంటే సరిపోతుంది. ఇంకో సంగతి: "గార్బేజ్ కలెక్షన్" అనే పేరు వాళ్లు అప్పటికే నోటితో అంటున్నా, ఆ వ్యాసంలో రాయడానికి మెకార్తీ వెనకాడినట్టున్నాడు. దశాబ్దాల తర్వాత చేర్చిన ఫుట్‌నోట్‌లో ఆయనే ఆ మాట చెప్పుకున్నాడు.

ఇక ఆ అబ్బాయి ప్రశ్న. "వండింది", "వండుకుంది" మధ్య తేడా మనకు ఎవరూ నేర్పలేదు, తెలుసు. "కొను" చేరితే ఆ పని చేసినవాళ్ల కోసమే అవుతుంది. వ్యాకరణంలో దీన్ని ఆత్మార్థకం అంటారు. అలాగే గుర్తు పెట్టడం అంటే వస్తువు మీద పెట్టడం. గుర్తు పెట్టుకోవడం అంటే నా దగ్గర ఉంచుకోవడం.

మా అమ్మ టీచరు. 2011 జనగణనలో మలక్‌పేట గల్లీల్లో డ్యూటీ చేసింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వేళ్లకు సుద్ద అంటుకుని ఉండేది. వెళ్లిన ప్రతి ఇంటి తలుపు పక్కన నంబరు రాసేది, అది గుర్తు పెట్టడం. అదే నంబరు తన పుస్తకంలోనూ రాసుకునేది, అది గుర్తు పెట్టుకోవడం. ఒక ఇంటికి రెండు గల్లీల్లోనూ తలుపులుంటాయి, అటునుంచి వచ్చి మళ్లీ లెక్కేసే ప్రమాదం ఉంటుంది. ఆ గుర్తు లేకపోతే గల్లీల చుట్టూ తిరుగుతూనే ఉండాలి. మెమరీలోనూ ఒకదాన్నొకటి చూపించుకునే ఆబ్జెక్టులు చాలా ఉంటాయి, గుర్తు లేకపోతే కలెక్టర్ వాటి చుట్టూ ఎప్పటికీ తిరుగుతుంది.

కలెక్టర్లు ఈ రెండు పనుల్లో ఏది చేస్తాయి? కొన్ని ఆబ్జెక్టు తల మీదే ఒక బిట్ (0 లేదా 1 పట్టే చోటు) వెలిగిస్తాయి. అది గుర్తు పెట్టడం. కొన్ని పక్కన ఒక బిట్ల పట్టిక పెట్టుకుని, ఫలానా నంబరు ఆబ్జెక్టు చేరింది అని అందులో రాసుకుంటాయి. అది గుర్తు పెట్టుకోవడం. రూబీ అనే ప్రోగ్రామింగ్ భాష 2013లో 2.0 వెర్షన్‌తో మొదటి పద్ధతి నుంచి రెండో పద్ధతికి మారింది. కారణం చాలా బాగుంటుంది. లైనక్సులో ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) నుంచి ఇంకోటి పుట్టినప్పుడు రెండూ ఒకే మెమరీ పేజీలు, అంటే మెమరీ ముక్కలు, పంచుకుంటాయి, ఎవరో ఒకరు రాసేవరకు. ఆబ్జెక్టు మీద గుర్తు పెట్టడం కూడా రాయడమే. కాబట్టి కలెక్టర్ ఊరంతా తిరిగి గుర్తులు పెడితే పేజీలన్నిటికీ నకళ్లు తయారై మెమరీ పెరిగిపోతుంది. తన పుస్తకంలో రాసుకుంటే ఇళ్ల గోడలు అలాగే ఉంటాయి.

అంటే "కొను" ఉందా లేదా అన్నది ఇక్కడ డిజైన్‌లో తేడా. ఆ అబ్బాయి అడిగింది ఎంత లోతైన ప్రశ్నో! రేపు వాడికి ఈ మాట చెప్పాలి.

నాకు మీ సాయం కావలసినది ఇంకో చోట. "లైవ్ ఆబ్జెక్ట్"ని బతికున్నది అనడం నాకు నచ్చడం లేదు. దాన్ని ప్రోగ్రామ్ మళ్లీ వాడుతుందో లేదో కలెక్టర్‌కి తెలియదు, రూట్ నుంచి చేయి చాస్తే అందుతుందా అన్నదొక్కటే తెలుసు. ఎవరూ వాడనిదైనా ఏదో పాత జాబితాలో పేరుంటే చాలు, ఉండిపోతుంది. మెమరీ లీకులు, అంటే పనిలేని చోటు తిరిగి రాకుండా పోవడం, చాలావరకు అవే. అందుకే "అందేవి", "అందనివి" అందామనుకుంటున్నాను. మీరేమంటారు?

అనంతపురం నుంచి ఒక జవాబు:

మేడం, "అందేవి" బాగుంది, నాకు సమ్మతమే. ఊడ్చడం గురించి ఒక మాట. మా వైపు కసువు నూకుతాం, మీ తెలంగాణలో వాకిలి ఊకుతారు, కోస్తాలో ఊడుస్తారు, చిమ్ముతారు. దేనికైనా ఇల్లంతా తిరగాల్సిందే. స్వీప్ (గుర్తు లేనివాటిని ఊడ్చే దశ) కూడా మెమరీ అంతా తిరుగుతుంది కదా, కాబట్టి ఆ మాట కుదురుతుంది. కానీ కొందరు గార్బేజ్ కలెక్షన్‌ని "చెత్త ఏరివేత" అని రాస్తున్నారు. "ఏరు" దగ్గర జాగ్రత్తగా ఉండాలి. రాళ్లు ఏరుతాం, బియ్యం ఏరుతాం. చేసేది ఒకటే పని, ఒకసారి పారేసేదాని పేరు చెబుతాం, ఒకసారి ఉంచుకునేదాని పేరు చెబుతాం. మీరు చెప్పినదాన్ని బట్టి కలెక్టర్ బియ్యపు గింజల్ని ఒక్కొక్కటే ముట్టుకుంటుంది, రాళ్ల వైపు చూడదు. "ఏరివేత" అంటే పిల్లలకు సరిగ్గా తలకిందులుగా అర్థమవుతుంది.

విశాఖ నుంచి:

రూట్స్‌ని ఏమంటున్నారు మేడం? వేరు బహువచనం వేళ్లు. వేలు బహువచనమూ వేళ్లే. "వేళ్ల నుంచి మొదలుపెట్టాలి" అంటే చెట్టు వేళ్లా, చేతి వేళ్లా? పాయింటర్ అంటే చూపుడు వేలే కాబట్టి ఈ తికమక నాకు ముద్దుగానే ఉంది, కానీ పరీక్షలో కష్టం. "వేర్లు" అంటే గొడవ లేదు. "మొదళ్లు" ఇంకా బాగుంటుందేమో చూడండి. చెట్టు మొదలు, పని మొదలు, రెండూ వస్తాయి.

గచ్చిబౌలి నుంచి, పదేళ్లుగా జావా మీదే పని చేస్తున్న ఒకరు:

అక్కా, మూడో పద్ధతీ ఉంది. జెడ్‌జీసీ అనే కలెక్టర్ 2018లో జావా 11లో ప్రయోగంగా వచ్చింది, 2020లో జావా 15తో పూర్తిస్థాయిలో వాడుకకు ఇచ్చారు. అందులో గుర్తు బిట్లు (వాటిని రంగులు అంటారు) పాయింటర్‌లోనే ఉంటాయి. అంటే ఇంటి గోడ మీదా కాదు, పుస్తకంలోనూ కాదు, ఆ ఇంటి అడ్రసు రాసుకున్న చీటీ మీద.

నా ప్రశ్న వేరే. మీ అమ్మగారు తిరుగుతుండగానే జనం ఇళ్లు మారితే? 1978లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు డైక్‌స్ట్రా, లాంపోర్ట్, ఇంకో ముగ్గురు కలిసి రాసిన వ్యాసం దీని గురించే. ప్రోగ్రామ్ ఆగకుండా నడుస్తుంటే పక్కనే గుర్తులు వేయాలి. మూడు రంగులు పెట్టారు. ఇంకా చేరనిది తెలుపు. చేరాం గానీ లోపలి పాయింటర్లు చూడనిది బూడిద. అన్నీ చూసేసినది నలుపు. తెలుపుకు, నలుపుకు చిక్కు లేదు. బూడిద అనగానే మనకు కాలిపోయింది, అయిపోయింది అనే అర్థం వస్తుంది. ఇక్కడ అర్థం దానికి పూర్తిగా వ్యతిరేకం, పని ఇంకా ఉంది అని. దీనికి మాట చెప్పండి.

మళ్లీ నేను:

అనంతపురం వారికి, విశాఖ వారికి చాలా కృతజ్ఞతలు. "ఏరివేత" ఇక వాడను. "మొదళ్లు" రేపే బోర్డు మీద రాస్తాను.

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు కోసం అమ్మకి ఫోన్ చేశాను. నువ్వన్నట్టే జరిగేదట. ఇంకా వెళ్లని ఇంట్లోని పిల్లవాడు, అప్పటికే లెక్క పూర్తయిన మేనత్త ఇంటికి వెళ్లిపోతే, ఇక్కడికి వచ్చేసరికి వాడు ఉండడు, అక్కడికి మళ్లీ వెళ్లం. వాడు ఏ లెక్కలోనూ లేకుండా పోతాడు. నలుపు ఆబ్జెక్టు తెలుపును పట్టుకున్నప్పుడు వచ్చే ప్రమాదం సరిగ్గా ఇదే, బతకాల్సినది చెత్తలో కలిసిపోతుంది. అమ్మ ప్రతి ఇంట్లోనూ "కొత్తగా ఎవరొచ్చినా నాకు కబురు చేయండి" అని చెప్పి వచ్చేదట. ఆ కబురే మనం రైట్ బ్యారియర్ అంటున్నది. కబురు అందగానే ఆ వచ్చినవాణ్ని బూడిద జాబితాలో రాసుకుంటే సరి.

తలుపు మీద నంబరు వేసి, లోపల వివరాలు ఇంకా రాయని ఇళ్లు ఉండేవి కదా, తాళం వేసినవి, పెద్దవాళ్లు ఇంట్లో లేనివి. వాటికి వేరే పేజీ పెట్టుకుంది. ఆ పేజీ ఖాళీ అయితేనే ఆ గల్లీ అయిపోయినట్టు. "వాటిని ఏమనేదానివమ్మా?" అని అడిగాను.

"ఏమంటాం, బాకీ ఇళ్లు" అంది.