కాప్సికం పూత మొత్తం రాలిపోతున్నది, ఏం చెయ్యాలె?

హన్మకొండ మేడతోట:
పొద్దుగాల ఆరింటి నుంచి చెట్ల దగ్గరనే కూసున్న, పదకొండైంది. ఆరు కుండీల కాప్సికం. చెట్లు మోకాలెత్తు, ఆకులు నిగనిగలాడుతున్నయి, పూత మస్తుగ వస్తున్నది. ఒక్కటంటే ఒక్కటి నిలుస్తలేదు. ఇయ్యాల ఊడ్చి లెక్కపెడితే 41 పూలు. వేపనూనె కొట్టిన, వీడియోల చూసి ఎప్సం సాల్ట్ వేసిన. మూడు నెలల కష్టం. ఎవరన్న చెప్పుండ్రి.

కరీంనగర్ పెరడు:
పుల్లటి మజ్జిగల ఇంగువ కలిపి చల్లండి మేడం. సొరపాదుకు మేం గదే చేస్తం.

నర్సంపేట రైతు:
ఎప్పుడు పెట్టినవ్? ఎక్కడ పెట్టినవ్?

జనగామ రిటైర్డ్ టీచర్:
ముందు ఒక మాట. కాప్సికం అనేది మిరప ప్రజాతి మొత్తానికి శాస్త్రీయ నామం. మన పచ్చిమిర్చి కూడా కాప్సికమే. మీరు పెంచుతున్నది కూరమిరప. పిల్లలకు తప్పు పేరు అలవాటు చేయకండి.

కాజీపేట వంటిల్లు:
మా ఇంట్ల సిమ్లా మిర్చి అంటం సార్. అంగట్ల కూరమిరప అని అడిగితే ఎవరూ ఇయ్యరు.

జనగామ రిటైర్డ్ టీచర్:
అది సిమ్లాలో పుట్టలేదమ్మా, బెంగళూరు మిర్చి అంటారు గానీ బెంగళూరులోనూ పుట్టలేదు. మిరప జాతులన్నీ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. అంగడివాళ్లకు కూడా మనమే నేర్పాలి.

హన్మకొండ మేడతోట:
పేరు సంగతి తర్వాత సార్, పూత రాలుతున్నది. నర్సంపేట అన్నా, ఫిబ్రవరిల విత్తిన. మేడ మీద, ట్యాంకు పక్కన. పొద్దంత ఎండ పడ్తది, దానికేం కొరత లేదు. వారానికోసారి కుండీకి చెంచెడు యూరియా వేస్తున్న.

నర్సంపేట రైతు:
గదే కత. మే నెలల కాప్సికం నిలువది. యూరియా బంద్ చెయ్.

హన్మకొండ మేడతోట:
గంతేనా? పక్కింట్ల పచ్చిమిర్చి మంచిగనే కాస్తున్నది కద అన్నా!

నర్సరీ అక్క, వరంగల్:
చెల్లె, దాంతోని పోల్చకు. కాప్సికం చల్లదనం కోరే పంట. పగలు 32 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చుబడ్తది. రాత్రి 16 నుంచి 21 మధ్య ఉంటేనే పిందె మంచిగ పడ్తది. మన దగ్గర ఇప్పుడు పగలు 40 దాటుతున్నది, చీకటిపడ్డంక కూడ స్లాబు వేడి కక్కుతనే ఉంటది. మజ్జిగ చల్లినా, ఇంగువ చల్లినా ఆ వేడి తగ్గదు. దానికితోడు యూరియా ఎక్కువైతే చెట్టు ఆకే పెడ్తది.

రాలిన పూవు ఒకటి చేతిలకు తీస్కో. కాడ పసుపు పడి, గణుపు దగ్గర నున్నగ ఊడిందా? అయితే వేడి, యూరియాల పనే. అట్లనే ఒక పూవును తెల్ల కాయితం మీద తట్టి చూడు. సన్నటి గీతల్లెక్క పురుగులు ఉరికితే తామర పురుగు. ఆకు పైకి దొప్పలెక్క ముడుచుకున్నా అదే. కిందికి తిరగబడితే నల్లి. రెండిటికీ మందు వేరే.

చెట్లు మాత్రం పీకకు. ఎండను సగం ఆపే 50 శాతం షేడ్ నెట్ కట్టు. కుండీలు ఇటుకల మీదికెక్కించి చుట్టూ తడి గోనెసంచి కప్పు. రెండు వేళ్లు మట్టిల దింపి, లోపల పొడిగుంటేనే నీళ్లు పొయ్యి, అది కూడ పొద్దుగాల్నే. ఇప్పుడొచ్చే మొగ్గలు గిల్లెయ్, పానం కొమ్మకు మిగుల్తది. వానలు పడ్డంక మూడో వంతు కత్తిరించి వర్మీ కంపోస్టు వేస్తే చలి మొదలయ్యేటప్పుడు పిందె పడ్తది. చెట్టు ఆగకపోతే ఆగస్టుల కొత్త నారు పోస్కో, సంక్రాంతికి కోస్కుంటవ్.

హన్మకొండ మేడతోట:
కాయితం మీద తట్టిన, పురుగు ఒక్కటి లేదక్కా. కాడలన్నీ పసుపే. ఇంకోటి చెప్పుడు మర్చిన, గింజలు కొన్న కాయల నుంచి తీసినవి.

నర్సంపేట రైతు:
హైబ్రిడ్ అయితే అదే కాయ రాదు. ఆగస్టుల విత్తనం ప్యాకెట్ కొను.

పరకాల మిర్చి:
వరంగల్‌ల ఉండి సిమ్లా మిర్చి ఎందుకు? మన చపాట మిర్చి పెట్టుండ్రి. టమాటలెక్క గుండ్రంగ, కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025ల జీఐ, అంటే ఈ ప్రాంతం సరుకని సర్కారు ఇచ్చే గుర్తింపు కూడ వచ్చింది.

కాజీపేట వంటిల్లు:
చపాట కారం లేకుంటే మామిడికాయ తొక్కుకు ఆ ఎరుపు రాదు. కిలో ఎంత నడుస్తున్నదన్నా?

హన్మకొండ మేడతోట:
నెట్ తెచ్చిన, మా ఆయన కడుతున్నడు. థాంక్స్ అక్కా.

కాజీపేట వంటిల్లు:
పరకాల అన్నా, కారం రేటు?